బాలమణి కుడి చెయ్యి

బాలమణి పుట్టిన మర్నాడే దాని కుడి చెయ్యి దానంతటది ఎగిరెగిరి పడటం మొదలుపెట్టింది. చలికి వణుకుతోందేమోనని అక్క కొంగు కప్పింది. కొంగు కింద కూడా ఆ చెయ్యి ఆగలేదు. ఒకే తీరున కొట్టుకుంటూనే ఉంది. కాసేపటికి కుడి కాలు కూడా అందుకుంది. పెదవి ఒక పక్కకి వంకరపోయింది. అక్క కేక విని నేను ఆస్పత్రి వరండాలోంచి లోపలికి ఉరికేసరికి నర్సు పిల్లను ఎత్తుకుని అవతలి గదిలోకి పోతోంది.

"ఏమైందే అక్కా?"

"నాకెర్క లేదు ఎంకన్నా. పాలు తాగుతున్నదల్లా గట్లనే బిగుసుకపోయింది."

అది అరవై తొమ్మిది జనవరి. యూనివర్సిటీలో తెలంగాణ సమ్మె అప్పుడే మొదలైంది. నేను ఎమ్మే చదువుతూ తార్నాకలో అక్కావాళ్లింట్లో ఉండేవాణ్ని. బావ ఉప్పలయ్యకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని. మా అమ్మ లేదు కాబట్టి అక్క లచ్చమ్మకు తొలి కాన్పు పుట్టింట్లో కాకుండా పట్నంలోనే అయింది. బావ తల్లి సోమమ్మత్త పురుడు పోయడానికని ఊరినుంచి వచ్చి ఉంది.

పిల్ల బతుకుతుందా అన్నదే అప్పటి మా భయం. బతికింది. సూదిమందుతో మూర్ఛలు ఆగాయి. సీసాలో మందు పోసిచ్చి, రోజూ మానకుండా పట్టించమని చెప్పి ఇంటికి పంపారు. గండం గడిచిందనుకున్నాం. బతికిన పిల్ల గురించి ఇంకా భయపడాల్సింది చాలా ఉందని మాలో ఎవరికీ తట్టలేదు.

సోమమ్మత్త మాత్రం కారణం వెతకడం మానలేదు. "నిండు చూలాలు రోడ్డు మీదికి పొయ్యి ఆ లొల్లిల ఎందుకు నిలబడాలె? గాలి సోకింది," అనేది. నిజానికి కాన్పుకు ముందు ఒక రోజు అక్క గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లింది నన్ను వెతుక్కుంటూ. ఊరేగింపు మీద లాఠీలు పడ్డాయని ఎవరో చెబితే నాకోసం కంగారుపడి వెళ్లింది. అత్త ఆ మాట అన్నప్పుడల్లా అక్క తల వంచుకుని పిల్లకు పాలు పట్టేది. నేను పళ్లెం ముందునుంచి లేచిపోయేవాణ్ని.

అయినా అవి సంబరంగానే ఉన్న రోజులు. చూడటానికి వచ్చిన చుట్టాలందరూ నన్ను ఆటపట్టించేవాళ్లు. "ఎంకన్నా, నీ పెండ్లాం పుట్టిందిరా. పెద్దగయ్యేదాంక ఆగుతవా?" అని బావ పినతండ్రి అంటే ఇల్లంతా నవ్వేది. అక్క కూతురు మేనమామకు ఇవ్వాల్సిన పిల్లే గదా మరి. నేను సిగ్గుపడి బయటికి పోయేవాణ్ని.

కాలేజీలు మూతపడ్డాయి. పొద్దుటి పూట నేను ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద జరిగే మీటింగులకు వెళ్లేవాణ్ని. మా పక్క ఊరివాడు, నా క్లాసువాడు సమ్మయ్య అక్కడ ముందు వరుసలో ఉండేవాడు. గొంతు పెద్దది, మనసు కూడా పెద్దదే. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడి పిల్లలకే రావాలన్న మాట న్యాయమైందని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి, అక్క వంట చేసుకునేదాకా బాలమణి తొట్టెల ఊపుతూ కూర్చునేవాణ్ని. సమ్మె పుణ్యమా అని ఆ పిల్లను నేను చూసినంత మా ఇంట్లో ఇంకెవరూ చూడలేదు.

ఎండలు ముదిరేసరికి పిల్ల చేతులు చాపడం నేర్చింది. గిలక్కాయ చూపిస్తే ఎడమ చేత్తో లటుక్కున అందుకునేది. కుడి పక్కన చూపించినా ఒళ్లంతా తిప్పుకుని ఎడమ చెయ్యే చాపేది.

"పుర్రచెయ్యి పొల్లరా ఇది," అంది సోమమ్మత్త. "ఇప్పటినుంచే మాన్పియ్యకుంటే రేపు ఆ చేత్తోనే బువ్వ తింటది. నలుగురు నవ్వుతరు."

ఆ మధ్యాహ్నం అత్త పాత చీర పేలిక చింపి బాలమణి ఎడమ చేతిని నడుముకు చుట్టి కట్టింది. తర్వాత గిలక్కాయ ముందర పెట్టి ఆడించింది. పిల్ల దాన్ని చూసింది. అందుకోవాలని కట్టిన చేతిని గుంజుకుంది. మెడ సాచింది. నోరు తెరిచింది. ఏడ్చింది. కుడి చెయ్యి మాత్రం లేవలేదు. బొటనవేలు లోపలికి మడుచుకుని, పిడికిలి బిగించి, పొట్ట పక్కన అలాగే పడి ఉంది.

నేను తొట్టెల తాడు వదిలేశాను. దగ్గరికెళ్లి ఆ పిడికిలి విప్పబోయాను. విడిచీ విడవనట్టు విడిచి మళ్లీ ముడుచుకుంది.

"అక్కా," అన్నాను. "గీడికి రా. జర చూడు."

అక్క తడి చేతులతోనే వచ్చింది. చూసింది. అత్త కట్టిన పేలిక విప్పేసి, పిల్లను భుజాన వేసుకుని, "పా," అంది.

మా వెనక సందులో పద్మావతి అని పిల్లల డాక్టరమ్మ ఉండేది. గుంటూరు జిల్లావాళ్లు. ఆమె భర్త సూర్యనారాయణ గారు కాంపస్‌లోనే పాఠాలు చెప్పేవారు. అంతకు ముందు ఆమెను దూరంనుంచి చూడటమే గాని మాట్లాడింది లేదు. ఆ సాయంత్రం ఆమె వరండాలో పిల్లను చాప మీద పడుకోబెట్టి చాలాసేపు చూసింది. కాళ్లు వంచి చూసింది, అరికాలు మీద గీసింది. పుట్టినప్పటి సంగతులన్నీ అడిగింది. తర్వాత కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"పెద్దవాళ్లకి పక్షవాతం వస్తుంది చూశారూ, ఇదీ అలాంటిదే," అంది.

అక్కకు అర్థం కాలేదు. "పసిపిల్లకు పక్షవాతమేంది డాక్టరమ్మా?"

"వస్తుందమ్మా, అరుదుగా. కడుపులో ఉండగానో, పుట్టేటప్పుడో మెదడులో ఓ రక్తనాళం మూసుకుపోతుంది. లోపలికి చూసి చెప్పే సాధనం నా దగ్గర లేదు. కానీ ఆ మూర్ఛలూ, ఈ చెయ్యీ కలిపి చూస్తే నాకలాగే అనిపిస్తోంది."

"నేను చేసిందేమన్న ఉన్నదా?" అక్క గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నిండు నెలలప్పుడు రోడ్డు మీదికి పొయ్యిన. లొల్లిల నిలబడ్డ."

"రోడ్డు మీదికెళ్తే వచ్చేది కాదమ్మా ఇది. నువ్వు తిన్నదాని వల్లా రాలేదు, చేసినదాని వల్లా రాలేదు. ఎవరేమన్నా పట్టించుకోకు."

అక్క అప్పుడు ఏడ్చింది. జనవరినుంచి దాచిపెట్టుకున్న ఏడుపంతా ఆ చాప మీద కూర్చుని ఏడ్చింది. డాక్టరమ్మ ఆపమనలేదు.

"ముందు ముందు ఎట్లుంటది?" అని నేను అడిగాను.

ఆమె కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది. "నడుస్తుంది. ఆలస్యంగా, కాలు కొంచెం ఈడుస్తూ, కానీ నడుస్తుందనే నా నమ్మకం. చెయ్యి సంగతి అంత ధైర్యంగా చెప్పలేను. మాటలూ, చదువూ ఎలా వస్తాయో బడికెళ్లేదాకా తెలీదు. మూర్ఛలు పోయాయనుకున్నాక కూడా ఏళ్ల తర్వాత తిరగబెట్టొచ్చు."

"ఎన్నాళ్లకు తెలుస్తది మరి?"

"ఏ వయసు సంగతి ఆ వయసులోనే తెలుస్తుందబ్బాయ్. ఇవాళే అంతా చెప్పేస్తానంటే అబద్ధమాడినట్టే."

పిడికిలి ఎలా విప్పాలో, వేళ్లు ఎలా నిమరాలో అక్కకు చూపించింది. రెండు చేతులూ పెడితే గాని పట్టు దొరకని పెద్ద వస్తువులు ఆడుకోడానికి ఇమ్మంది. ఎడమ చెయ్యి మాత్రం ఎప్పుడూ కట్టొద్దంది. మందు ఒక్క రోజు కూడా మానొద్దని రెండుసార్లు చెప్పింది.

ఇంటికొచ్చి ఆ మాటలన్నీ బావకు చెప్పాను. బావ మాటకారి కాదు. విని, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. సోమమ్మత్త మాత్రం ఊరుకోలేదు. "ఆ మందే పొల్లను చంపుతున్నది. ఎప్పుడు చూసినా మత్తుగ పంటది. మందు బంద్ చేసి ఊరికి తోలుకపోదాం. మావోల్లు నాటుమందు పోస్తరు," అంది. అక్క కాదంది. ఇంట్లో రోజూ అదే గొడవ. బావ ఎటూ చెప్పకపోవడమే అక్కను ఎక్కువ బాధపెట్టేది.

చెయ్యి సంగతి చుట్టాలకు ఎలాగో తెలిసింది. వస్తూ పోతూనే ఉన్నారు గాని నన్ను ఆటపట్టించడం మానేశారు. బావ పినతండ్రి వచ్చి కూర్చుని, పిల్లను చూసి, నన్ను చూసి, ఎండల గురించి మాట్లాడి వెళ్లిపోయాడు. ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అక్క లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ ఎగతాళి మాట కోసం నేను ఎదురుచూశానని నాకు అప్పుడే తెలిసింది.

మేలో కాల్పులు జరిగాయి. జూన్ వచ్చేసరికి ఎప్పుడు కర్ఫ్యూ పెడతారో ఎప్పుడు తీస్తారో తెలియని పరిస్థితి. సీతాఫల్‌మండిలో, ముషీరాబాద్‌లో దుకాణాలు రోజుల తరబడి తెరవలేదు. సూర్యనారాయణ గారు ముందే గుంటూరు వెళ్లిపోయారని, డాక్టరమ్మ కూడా వెళ్లిపోతుందని సందులో అనుకుంటున్నారు. వాళ్ల గోడ మీద తారుతో 'ఆంధ్రా గో బ్యాక్' అని రాసి ఉంది. ఎవరు రాశారో నాకు తెలియదు. అడగనూ లేదు.

"మీ సందుల ఇంకెవరున్నరు ఆంధ్రోల్లు?" అని సమ్మయ్య ఒకసారి అడిగాడు.

"నాకెట్ల తెలుస్తది," అన్నాను. వాడు నన్ను ఓ చూపు చూసి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే మందు అయిపోయింది. ఆ రాత ఉన్న గోడ దాటి డాక్టరమ్మను అడగడానికి నాకు మొహం చెల్లలేదు. సందు సందూ తిరిగి నల్లకుంట దాకా నడిచాను. ఎక్కడ చూసినా దించిన షట్టర్లే. ఒకచోట పోలీసు లాఠీతో తరిమాడు. వట్టి చేతులతో తిరిగొచ్చేసరికి సోమమ్మత్త, "ఒకందుకు మంచిదే అయ్యింది. ఇన్ని నెలల సంది మూర్ఛ రాలే. ఇగ రాదు," అంది. బావ పిల్ల వైపు చూస్తూ, "చూద్దాంలే," అన్నాడు. అక్క ఆ రాత్రినుంచి పడుకోలేదు.

కర్ఫ్యూ సడలించిన ఒక ఉదయం, బావ డ్యూటీకి వెళ్లాక, నేను నీళ్లు పడుతుంటే అక్క అరిచింది. అదే కుడి చెయ్యి. అదే తీరు. ఈసారి కళ్లు కూడా ఒక పక్కకి పోయి నిలిచిపోయాయి. ఎంతసేపు చూసినా ఆగలేదు. నేను పిల్లను లాక్కుని వెనక సందులోకి పరుగెత్తాను. చెప్పులు లేకుండా అక్క నా వెనకే వచ్చింది.

డాక్టరమ్మ ఇంటి ముందు లారీ ఆగి ఉంది. సామానంతా ఎక్కించారు. ఆమె తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పిల్లను చూడగానే తాళం కింద పడేసింది.

"ఎంతసేపైంది? మందు వెయ్యలేదా?"

"దొరకలే డాక్టరమ్మా. ఎక్కడ దొరకలే," అంది అక్క.

ఆమె చేతులు చాపి అందుకుంది. పిల్లను వట్టి నేల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టింది. లారీ వాడి చేత నల్ల ట్రంకుపెట్టె దింపించింది. తాళం తీసి, చీరలన్నీ అవతల పారేసి, అడుగునుంచి సూదుల డబ్బా, మందు తీసింది. ఆ రోజుల్లో సూదిని మరిగించాలి. పొయ్యి లారీలో సామాన్ల కింద ఎక్కడో ఉంది. సూదుల డబ్బాలో నీళ్లు, స్టీలు గిన్నెలో స్పిరిట్ పోసి, "అగ్గిపెట్టె," అంది. ఇల్లంతా వెతికాం. ఖాళీ చేసిన ఇంట్లో అగ్గిపెట్టె కూడా మిగల్లేదు. లారీ వాడు బీడీ తాగేవాడు కాదు.

అప్పుడే సందు మొదట్లో కేకలు వినిపించాయి. పదిహేను, ఇరవై మంది కుర్రాళ్లు. ఇద్దరి చేతుల్లో పాత టైరు ఉంది. ముందు సమ్మయ్య. లారీ కనబడగానే నినాదాలు ఎక్కువయ్యాయి.

నేను గేటు దగ్గరికి వెళ్లాను.

"నువ్వేందిరా గీడ?" అన్నాడు సమ్మయ్య.

"అగ్గిపెట్టె ఉన్నదా నీ దగ్గర?"

"ఏంది?"

"మా అక్క బిడ్డకు మూర్ఛొచ్చింది. సూది ఎయ్యాలె. జల్ది ఇయ్యిరా."

సమ్మయ్య నా భుజం మీదుగా లోపలికి చూశాడు. గుమ్మంలోంచి నేల మీద కొట్టుకుంటున్న చిన్న చెయ్యి కనబడుతోంది. అక్క మోకాళ్ల మీద కూర్చుని ఉంది. వెనకనుంచి ఎవడో ఇంకా అరుస్తున్నాడు. సమ్మయ్య వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు.

స్పిరిట్ నీలంగా మండింది. నీళ్లు మరగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. బయట ఒక్క గొంతూ లేవలేదు. కొందరు గోడ మీద కూర్చున్నారు. టైరు పట్టుకున్న వాళ్లు దాన్ని కింద పెట్టి దానిమీదే కూర్చున్నారు. డాక్టరమ్మ సూది వేసి, బాలమణి ఛాతీ మీద చెయ్యి ఉంచి, ఊపిరి లెక్కపెడుతున్నట్టు కళ్లు మూసుకుంది. చెయ్యి కొట్టుకోవడం నెమ్మదించింది. ఒకసారి ఆగి, మళ్లీ ఒకసారి ఎగిరి, ఆగిపోయింది.

ఆమె చాలాసేపు అక్కడే కూర్చుంది. లారీ వాడు రెండుసార్లు వచ్చి కర్ఫ్యూ వేళవుతోందని గుర్తుచేశాడు. పిల్ల ఊపిరి సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాక ట్రంకులోంచి మందు సీసాలు తీసి అక్క ఒళ్లో పెట్టింది.

"ఇవి అయ్యేలోగా దుకాణాలు తెరుస్తారు. తెరవగానే కొనండి. మానొద్దు. ఎవరు చెప్పినా మానొద్దు."

"మల్ల మేమెవరికి చూపియ్యాలె?" అంది అక్క.

డాక్టరమ్మ అక్క తల మీద చెయ్యి వేసి లేచింది.

నేనూ లారీ వాడూ ట్రంకుపెట్టె పైకి ఎక్కించాం. సమ్మయ్య నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. లారీ కదిలింది. కదిలి నాలుగు బారలు పోయాక వెనకనుంచి నినాదాలు మళ్లీ మొదలయ్యాయి. మొదట ఒక్కడే అందుకున్నాడు, తర్వాత అందరూ. డాక్టరమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

"అగ్గిపెట్టె ఇయ్యిరా," అన్నాడు సమ్మయ్య.

ఇచ్చాను. కాసేపటికి సందు మొదట్లో టైరు కాలుతున్న వాసన వచ్చింది.

కర్ఫ్యూ మొదలయ్యే ముందు వాడే మా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు. గేటు బయట నిలబడి, "పొల్లకెట్లున్నది?" అని అడిగాడు. నిద్రపోతోందని చెప్పాను. "మంచిది," అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం మేమిద్దరం మాట్లాడుకోలేదు.

బావ డ్యూటీనుంచి వచ్చేసరికి పిల్ల అప్పుడే కళ్లు తెరిచింది. జరిగిందంతా అక్కే చెప్పింది. సోమమ్మత్త ఏదో అనబోయింది. బావ తల్లి వైపు చూసి, "అమ్మా, ఇగ సాలు," అన్నాడు. లేచి కాళ్లూ చేతులూ కడుక్కొచ్చి, సీసా మూత తీసి, వెలుగులోకి పట్టుకుని మందు కొలిచాడు. పిల్లను ఒళ్లో వేసుకుని చుక్క కింద పడకుండా పట్టించాడు. ఆ రోజునుంచి ఆ పని ఇంకెవరినీ చెయ్యనివ్వలేదు. సోమమ్మత్త వానలు పడగానే ఒక్కతే ఊరికి వెళ్లింది. వెళ్లేముందు పిల్ల కుడి పిడికిలి విప్పి, ఆముదం రాసి, ఒక్కొక్క వేలూ సాపు చేస్తూ కూర్చోవడం చూశాను.

డాక్టరమ్మ చెప్పినట్టే ఏ వయసు సంగతి ఆ వయసులోనే తెలుస్తూ వచ్చింది. బాలమణి రెండేళ్లు నిండవస్తుండగా నడిచింది, కుడి మడమ నేలకు ఆనకుండా. మాటలు బాగానే వచ్చాయి, అవసరమైనదానికంటే ఎక్కువే. నాలుగో తరగతిలో మూర్ఛలు తిరగబెట్టి మూడేళ్లు సతాయించి పోయాయి. లెక్కలు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కేవి కావు. ఎడమ చేత్తో రాస్తోందని పంతులు బెత్తంతో కొడితే, ఎన్నడూ బడి గడప తొక్కని బావ వెళ్లి ఆయన ముందు కూర్చుని పిల్ల కథంతా చెప్పి వచ్చాడు. పదో తరగతి రెండోసారికి పాసైంది. బాల్వాడిలో పిల్లలకు పాటలు నేర్పే పని దొరికింది. ప్రెస్సులో పనిచేసే కుర్రాణ్ని తానే చూసుకుని, పెళ్లి చేసుకుంటానని తండ్రికి తానే చెప్పింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. కాగితం కదలకుండా అదిమి పట్టుకునేది. అంతవరకే.

దాని కాన్పుకు నేనూ అక్కా ఆస్పత్రిలోనే ఉన్నాం. కొడుకు. అంతా సవ్యంగా ఉందని డాక్టర్లు చెప్పారు. అయినా మర్నాడంతా మేమిద్దరం మంచం పక్కనుంచి కదల్లేదు. గుడ్డలోంచి బయటికొచ్చిన ఆ చిన్న చేతులు కదిలినప్పుడల్లా అక్క నా మోచెయ్యి పట్టుకునేది. రెండూ ఒక్క తీరుగానే కదులుతున్నాయా అని నేను మళ్లీ మళ్లీ చూసుకునేవాణ్ని.

"ఏంది మామా, మీరిద్దరు గట్ల గుడ్లప్పగించి చూస్తున్నరు?" అంది బాలమణి. "భయపడతడు వాడు. బయటికి పొయ్యి చాయ్ తాగి రాపోండ్రి."

వాడు ఏడుపు అందుకున్నాడు. అక్క లేవబోయింది. "నువ్వు కూసో అమ్మా," అని బాలమణి ఎడమ చేత్తో కొడుకును రొమ్ము దగ్గరికి ఎత్తుకుంది. జారిపోకుండా కుడి మోచేతిని కింద ఆనించింది. ఆ పనికి ఆ చెయ్యి సరిపోయింది.